ఫాలోవర్లను హాజరుపరచవలెను

కమ్మరగుట్ట పశువైద్య పాలిటెక్నిక్‌లో ఒక బర్రె ఉండేది. పుస్తకాలు చిరిగినా, ఫ్యాన్లు ఆగిపోయినా, సార్లు సెలవు పెట్టినా, అది మాత్రం వేళకు వచ్చి షెడ్డులో నిలబడేది. పిల్లలు దాని డొక్క మీద చెయ్యి పెట్టి లోపల ఏమవుతున్నదో చెప్పడం నేర్చుకునేవారు. ముక్కుతాడు పట్టడం, సూది వెయ్యడం, పొదుగు చూడడం దాని దగ్గరే నేర్చుకునేవారు. నేర్చుకుని ఊళ్లకు పోయి బతికేవారు. చదువంటే అంతే కాబోలు అని అందరూ అనుకున్నారు.

అంతే కాదని పైనుంచి తాఖీదు వచ్చింది.

సంగతేమంటే, పశువైద్య విద్యా మండలిలో ఒక పెద్దాయన రాజధానిలో ఏదో సదస్సుకు పోయాడు. అక్కడ వేదిక మీద ఇంకా మీసాలు సరిగా రాని ఒక పిల్లవాడు కూర్చున్నాడు. వానికి ఫోనులో లక్షల మంది ఫాలోవర్లట. ఏం చేస్తాడని అడిగితే, అన్నం తింటూ వీడియో తీస్తాడని చెప్పారు. పెద్దాయన ఆలోచించాడు. ఏమీ రానివానికే ఇంతమంది ఉంటే, ఎంతో కొంత వచ్చిన మన విద్యార్థులకు ఇంకెంతమంది ఉండాలి? ఈ లెక్కలో తప్పు పట్టేంత చదువు మండలిలో ఎవరికీ లేకపోయింది.

ప్రిన్సిపాల్ దామోదర్ రావు పిల్లలందరినీ నిలబెట్టి తాఖీదు చదివాడు.

"విద్య నాలుగు గోడల నడుమ నిలువనీరు కారాదు. ప్రతి విద్యార్థియు సామాజిక మాధ్యమమున తనకంటూ ఒక అనుసరణ సమూహమును పెంపొందించుకొనవలెను. అయిదు వందల మందికి తక్కువ కాకుండ అనుసరణకర్తలు లేని విద్యార్థికి చివరి పరీక్షకు హాల్‌టికెట్టు ఇవ్వబడదు."

ముందు వరసలో గంగామణి నిలబడి ఉంది. ఆఖరి సంవత్సరం పిల్ల. మనుషులతో నాలుగు మాటలు మాట్లాడితే నాలుక ఎండిపోతుంది గానీ, పశువు దగ్గరికి పోతే ముచ్చట ఆపదు. తండ్రి లేడు. తల్లి నర్సవ్వ బీడీలు చుట్టి చదివిస్తోంది. వాళ్ల ఊళ్లో పశువుల దవాఖాన తలుపుకు తాళం పడి చాలా కాలమైంది. డిప్లొమా చేతికొస్తే ఆ కొలువు గంగామణికే అని ఊరంతా చెప్పుకుంటున్నది. రాకపోతే తల్లి పక్కన ఇంకో చాట పెట్టుకుని తానూ బీడీలు చుట్టాలి. ఇంకో ఏడాది చదివించే ఓపిక నర్సవ్వకు లేదు.

అందుకే ఆ రోజు ధైర్యం చేసి నోరు తెరిచింది.

"సార్, బర్రెకు జ్వరమొస్తే సూది ఎయ్యనీకి ఫాలోవర్లు ఎందుకు సార్?"

దామోదర్ రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నాకు తెలిస్తె నేను ఈడ ప్రిన్సిపాల్ ఎందుకైత బిడ్డా? పైన్నే కూసుందును."

మరుసటి వారం నుంచి పాఠాలు మారిపోయాయి. శస్త్రచికిత్స చెప్పే సారు ఫోను ఏ మూల నుంచి పడితే మొహం సన్నగా కనిపిస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. మండలి ఒక శిక్షకుణ్ణి పంపింది. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు వేసుకుని వచ్చాడు. ఇంత పెద్ద మండలి ఆయనకు మంచి ప్యాంటు ఇవ్వలేదా అని వాచ్‌మన్ బాధపడ్డాడు.

"మొదటి మూడు సెకండ్లల్ల చూసేటోని గుండె ఆగిపోవాలె" అన్నాడు శిక్షకుడు.

"ఆగిపోతె ఫాలో ఎవరు కొడుతరు సార్?" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. వాణ్ణి బయటికి పంపారు.

ఉన్నది ఒక్క బర్రె. వీడియో తీయాల్సినవాళ్లు ముప్పై మంది. బర్రె ముందు వరస కట్టారు. ఒకడు దానికి నల్లద్దాలు పెట్టాడు. ఒకతె దాని ముందు ఎగిరింది. ఒకడు దానికి పుట్టినరోజు చేసి కేకు కోసి మూతికి రాశాడు. మూడు రోజులు చూసి బర్రె చేపడం మానేసింది. పాలు లేవు. దగ్గరికి ఎవరు పోయినా కొమ్ము విసురుతోంది.

దామోదర్ రావు ఈ సంగతి మండలికి రాశాడు. జవాబు వెంటనే వచ్చింది. "పథకమునకు సహకరించని సిబ్బందిపై క్రమశిక్షణా చర్యలు తీసుకొనవచ్చును." బర్రె సిబ్బందిలోకి వస్తుందా రాదా అని ఆఫీసులో ఒక పూటంతా చర్చ జరిగింది. దాణా ఖర్చు ఆఫీసు పద్దులోనే పోతుంది గనుక సిబ్బందే అని తేలింది. సంజాయిషీ కోరుతూ కాగితం కొట్టి షెడ్డు గుంజకు అతికించారు. బర్రె ఆ కాగితం తినేసింది. అందుకున్నట్టుగా రాసుకున్నారు.

గంగామణి కూడా ఒక వీడియో పెట్టింది. బర్రె చెవుల్లో పట్టిన పిడుదులను నొప్పి తెలియకుండా ఎట్లా తీయాలో చూపించింది. ఎగరలేదు, నవ్వలేదు, తన మొహం కూడా చూపించలేదు. చేతులూ బర్రె చెవీ మాత్రమే కనిపించాయి. తోటి పిల్లలు మొహమాటానికి ఫాలో అయ్యారు. ఒక దాణా వ్యాపారి అయ్యాడు. రోజూ పొద్దున్నే "హాయ్" అని పంపే ఒక మనిషి అయ్యాడు. అక్కడ ఆగిపోయింది.

ఇట్లా ఉండగా బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ల దుకాణంలో ఫాలోవర్లు అమ్ముతున్నారని తెలిసింది. పిల్లలందరూ ఎగబడ్డారు. సాయంత్రానికల్లా ఒక్కొక్కరి వెనకా అయిదు వందల మంది చేరారు. వాళ్ల పేర్లు ఏ భాషవో ఎవరికీ తెలియదు. గంగామణి కూడా దుకాణం దాకా పోయింది గానీ, తల్లి చేతివేళ్లు గుర్తొచ్చి వెనక్కి వచ్చేసింది.

మండలి మొదట సంతోషించింది. మన విద్యార్థుల కీర్తి సముద్రాలు దాటిందని ప్రకటన ఇచ్చింది. తర్వాత ఎవరో చూశారు. కొన్న పిల్లలందరి వెనకా ఉన్నది ఒకే అయిదు వందల మంది. ఒక్కరికీ మొహం లేదు. కొందరి పేర్లు చూస్తే మందుల పేర్లలాగా ఉన్నాయి.

మండలి తప్పు ఒప్పుకునే రకం కాదు. ఇంకో తాఖీదు పంపింది.

"అనుసరణకర్తల యథార్థతపై సందేహములు పొడసూపినందున, భౌతిక ధ్రువీకరణ జరుపుటకు నిర్ణయించడమైనది. ప్రతి విద్యార్థియు తన అయిదు వందల మంది ఫాలోవర్లను కళాశాల మైదానమున స్వయముగా హాజరుపరచవలెను. హాజరు కాని ఫాలోవరు లేనట్లే భావించబడును."

ఆ రోజు గంగామణి ఇంటికి పోయి బువ్వ తినలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. నర్సవ్వ బీడీ చుట్టడం ఆపి బిడ్డ మొహంలోకి చూసింది. అప్పుడే నర్సవ్వ తమ్ముడు లింబాద్రి చాయకు వచ్చాడు.

లింబాద్రిని ఆ చుట్టుపక్కల మీటింగుల లింబాద్రి అంటారు. ఏ పార్టీ సభ పెట్టినా మందిని తెచ్చేది ఆయనే. ట్రాక్టరు మాట్లాడడం, ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టడం, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో చెప్పడం, పొట్లాలు అందరికీ అందేలా చూడడం ఆయన పని. పొద్దున ఒక పార్టీకి జిందాబాద్ కొట్టించి, సాయంత్రం దానికే ముర్దాబాద్ కొట్టించిన రోజులున్నాయి. ఏ పార్టీలోనూ లేడు. అందుకే అన్ని పార్టీలకూ కావాల్సినవాడయ్యాడు. సభలో ఎన్నడూ వేదిక ఎక్కలేదు. పక్కన నిలబడి మందిని చూసుకుంటాడు.

"ఏమైంది కోడలా, మొహం గట్ల వెట్టినవు?"

గంగామణి చెప్పింది. లింబాద్రి శ్రద్ధగా విన్నాడు.

"అయిదు వందల మందేనా?"

"అయిదు వందల మంది మామా!"

"నాకినవడ్డది. గంతేనా అంటున్న. ఏ పార్టీ?"

"పార్టీ కాదు మామా. నేనే."

"నువ్వెప్పుడు నిలవడ్డవే?"

"నేను నిలవడలే. వాళ్లు నన్ను ఫాలో కావాలె. ఫోన్ల."

"ఫోనుల ఎట్లయితరో నాకెరుక లేదు గాని, మైదానంల అయితె నాకెరుకే." లింబాద్రి చాయ ఊదుకుంటూ తాగాడు. "కైకిలి పైసలు ఇయ్యద్దు. మన పిల్ల. బువ్వ వెడితె చాలు. వాళ్లు ఏమనాలె?"

"ఏమనద్దు మామా. ఊకె వచ్చి నిలవడితె చాలు."

"ఊకె నిలవడుడు మావోళ్లకు రాదు బిడ్డా. ఏదో ఒకటి అనాలె."

ధ్రువీకరణ రోజు మండలి నుంచి పరాంకుశం అనే పరిశీలనాధికారి వచ్చాడు. లావుగా, తెల్లగా, మాట మాటకూ ముందు గొంతు సవరించుకునే మనిషి. మైదానంలో షామియానా వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నీళ్ల సీసా పెట్టి కూర్చోబెట్టారు.

"ఒక్కమాట స్పష్టం చేయదలచాను" అన్నాడు పరాంకుశం. "అనుసరణ అనేది ఆత్మికమైన విషయం. అయినప్పటికీ దానికి శరీరం ఉండి తీరాలి."

అప్పుడే గేటు దగ్గర దుమ్ము లేచింది. ట్రాక్టర్లు. వాటి మీద గంగామణి పాస్‌పోర్టు ఫోటో పెద్దగా అచ్చేసిన ఫ్లెక్సీలు. ఆడవాళ్లు ముందు, ముసలివాళ్లు గొడుగులతో వెనక, మెడల్లో కొత్త కండువాలు. పక్కన తెల్లచొక్కా వేసుకుని లింబాద్రి.

"గంగామణి నాయకత్వం... వర్ధిల్లాలె!"

"ఆడబిడ్డల ఆశాజ్యోతి... గంగక్క!"

గంగామణి షెడ్డు ముందున్న బర్రె వెనక దాక్కుంది. బర్రె మందిని చూసి వీడియో తీస్తారనుకుని లోపలికి పోయింది. గంగామణి బయటపడింది.

పరాంకుశానికి కళ్లు చెమర్చాయి. "చూశారా దామోదర్ రావు గారూ! ఇంతటి నిశ్శబ్ద వ్యక్తిత్వానికి ఇంతటి ప్రజాదరణ! ఈ పథకం లేకపోతే ఇది మరుగున పడిపోయేది."

గంగామణి పేరు ఎదురుగా ముద్ర పడింది. ఆ పూట ఆమె ఇంటికి పోయి కడుపు నిండా తిన్నది.

మిగతా పిల్లలు ఊరుకుంటారా? సాయంత్రానికే వాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ లింబాద్రి వాకిట్లో ఉన్నారు. "మా పిలగానికి కూడ మందిని వెట్టు మామా" అన్నారు. లింబాద్రి కాదనే మనిషి కాదు. రోజుకొక పిల్లవాని వంతు వచ్చింది. రోజూ అదే మంది, అవే ట్రాక్టర్లు. ఫ్లెక్సీ ఒక్కటే మారేది. పిల్లల ఇండ్లవాళ్లు వంట చేసి పెట్టారు. మందికి ఇది బాగానే ఉంది. ఎండ తక్కువ, ఉపన్యాసం లేదు, బగారన్నం వేడిగా ఉంటోంది.

కొన్ని రోజులకు పరాంకుశం బల్ల మీద నుంచి కిందికి వంగి, ముందు వరసలోని సాయవ్వను పరీక్షగా చూశాడు. సాయవ్వ పళ్లు లేని ముసలమ్మ. నవ్వితే మరిచిపోయే మొహం కాదు.

"అవ్వా, నువ్వు నిన్న కూడా వచ్చావు కదా?"

"అచ్చిన సారూ. మొన్న గూడ అచ్చిన. నిన్న అప్పడం ఇయ్యలే."

"నిన్న ఇంకొక విద్యార్థి ఫాలోవరుగా వచ్చావు. ఈ రోజు ఈ అబ్బాయి ఫాలోవరునంటున్నావు. ఒక మనిషి ఇంతమందిని ఎట్లా అనుసరిస్తుంది?"

సాయవ్వ ఆయన్ని జాలిగా చూసింది. "సారూ, నేను మూడు పార్టీలల్ల ఉన్న."

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. ఇది సిద్ధాంతానికి సంబంధించిన చిక్కు. ఆయన మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! భయపడకుండా యథార్థం చెప్పండి. మీరంతా అసలు ఎవరి వెంట వచ్చారు?"

మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇదేం ప్రశ్న?

"లింబాద్రి ఎంట!"

మైదానం మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది. పక్కన నిలబడిన లింబాద్రి నోటి మీద వేలు పెట్టుకుని సైగ చేశాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

పరాంకుశం అన్యాయం చేసే మనిషి కాదు. నిబంధన ఎట్లా ఉంటే అట్లా నడుచుకునే మనిషి. ఫాలోవరు ఎవరి వెంట వచ్చాడో వారికే చెందును. అంతే. అప్పటిదాకా వంతు వచ్చిన పిల్లల ఫాలోవర్లను వాళ్ల ఖాతాల నుంచి తీసి లింబాద్రి ఖాతాలో వేశాడు. పిల్లలందరికీ సున్నా వచ్చింది. గంగామణి పేరు ఎదుట పడిన ముద్ర మీద అడ్డగీత పడింది. లింబాద్రికి మాత్రం వచ్చినవాళ్లు వచ్చినన్ని రోజులూ లెక్కకెక్కి, రాష్ట్రంలో ఏ పాలిటెక్నిక్ విద్యార్థికీ లేనంత అనుసరణ సమూహం ఏర్పడింది.

ఆయన విద్యార్థి కాడు గదా అని దామోదర్ రావు నసిగాడు.

"అది మన లోపం" అన్నాడు పరాంకుశం. "వెంటనే చేర్చుకోండి."

చేర్చుకున్నారు. ఇంత ప్రజాదరణ గలవానికి పరీక్ష పెట్టడం ప్రజాభిప్రాయాన్ని అవమానించడమేనని మండలి తీర్మానించింది. లింబాద్రికి పరీక్ష లేకుండానే విశిష్ట శ్రేణిలో పశువైద్య డిప్లొమా ఇవ్వాలనీ, సన్మాన సభ జరపాలనీ నిర్ణయమైంది. కాలేజీలో అర్హుడు ఒక్కడే, పాసైనవాడూ ఒక్కడే గనుక ఫలితాలు నూటికి నూరు శాతమని దామోదర్ రావుకు అభినందన వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకుని తిరిగాడు.

లింబాద్రి ఆ సాయంత్రం అక్క ఇంటికి వచ్చాడు గానీ గడప దాటలేదు.

"రా లోపలికి, డాక్టరు సాబ్!" అంది నర్సవ్వ. "నీ మంది పాడుగాను! నా బిడ్డ మూడేండ్లు పెండ ఎత్తి చదివింది. నువ్వు ట్రాక్టరు మీద అచ్చి డిప్లొమా కొట్టుకవోతివి."

"అక్కా, నాకు బర్రె అంటెనే బుగులు. చిన్నప్పుడు తన్నింది. నీకెరుకనే గదా."

"మరి వద్దని చెప్పరాదు!"

"చెప్పిన. పొద్దటి నుంచి ఆఫీసుల నిలవడి చెప్పిన. నాది మా కోడలికి ఇయ్యిండ్రి అన్న. కీర్తి బదిలీ చేసే రూలు లేదట."

గంగామణి అప్పటికే తల్లి పక్కన చాట ముందు కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. ఆకు వంకరగా తెగుతోంది. నర్సవ్వ దాన్ని తీసి పక్కన పడేసి, ఇంకో ఆకు ఇచ్చింది. లింబాద్రి ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. చాయ తాగకుండానే పోయాడు.

సన్మాన సభ ఘనంగా ఏర్పాటు చేశారు. మందిని తెచ్చే పని కూడా లింబాద్రికే అప్పగించారు, ఇంకెవరికి చేతనవుతుంది గనుక. సభను పైన మండలి వాళ్లందరూ చూడడానికి కెమెరాలు పెట్టి నేరుగా ప్రసారం చేశారు. విద్యార్థులను స్ఫూర్తి పొందడానికి మొదటి వరసలో కూర్చోబెట్టారు.

లింబాద్రిని వేదిక ఎక్కించారు. జీవితంలో మొదటిసారి. శాలువా కప్పి, దండ వేసి, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనకు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైనుంచి చూస్తే మంది ఇట్లా కనిపిస్తారా అని ఆశ్చర్యపోతున్నట్టు చూశాడు. సగం మంది ఆవులిస్తున్నారు. సాయవ్వ నిద్రపోతోంది.

పరాంకుశం మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదలుపెట్టినవాడు ఆపలేదు. అనుసరణ చరిత్ర చెప్పాడు. అనుసరణ భవిష్యత్తు చెప్పాడు. చివరికి మొదటి వరస వైపు వేలు చూపాడు.

"ఈ అమ్మాయిని చూడండి. లేమ్మా, నిలబడు. తరగతిలో మొదటి స్థానమట. రాత్రింబవళ్లు పుస్తకమట. పశువు కడుపు మీద చెయ్యి పెట్టి నెల చెప్పేస్తుందట. అనుసరణకర్తలు ఎందరు? సున్నా! దీనిని విద్య అందామా? అటు చూడండి, లింబాద్రి గారిని. పుస్తకం ముట్టలేదు. పశువును ముట్టలేదు. ఎంతటి ఎత్తుకు ఎదిగాడు! ఇట్లాంటి పిల్లలకు ఇదొక గుణపాఠం. అందరూ చప్పట్లు కొట్టండి!"

గంగామణి తలవంచుకుని నిలబడింది. మంది అలవాటు ప్రకారం చప్పట్లకు చేతులెత్తి, లింబాద్రి వైపు చూశారు. ఆయన సైగ చేస్తేనే కొడతారు.

లింబాద్రి లేచి నిలబడ్డాడు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు. దండ తీసి దాని మీద పెట్టాడు. భుజం మీది తుండు తీసి, రెండుసార్లు దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నాడు.

అది ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన గుర్తు. తుండు దులిపితే మీటింగు అయిపోయినట్టే. మాట్లాడేది ఎవరన్నది లెక్కలేదు, మాట సగంలో ఉన్నా సరే.

మంది లేచారు. అందరూ ఒక్కసారే లేచారు. చెప్పులు వెతుక్కున్నారు, పిల్లలను చంకనేసుకున్నారు, గొడుగులు తెరిచారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరో సాయవ్వను తట్టి లేపారు.

"కూర్చోండి! కూర్చోండి! ప్రసారం జరుగుతోంది!" అని పరాంకుశం అరిచాడు.

సాయవ్వ వేదిక ముందు నుంచి పోతూ ఆగింది. "మంచిగ మాట్లాడినవు సారూ. మల్లెప్పుడు?"

ట్రాక్టర్లు కదిలాయి. దుమ్ము లేచి, నెమ్మదిగా అణిగింది. మైదానం నిండా ఖాళీ కుర్చీలే. కెమెరా పట్టుకున్నవానికి ఏం తీయాలో తెలియక ఖాళీ కుర్చీలనే తీస్తున్నాడు. ఆ ప్రసారం మండలిలో అందరూ చూశారు. ఆ రోజు మండలి సమావేశానికి వచ్చిన మంత్రులు కూడా చూశారట.

పరాంకుశం పక్కకు పోయి చాలాసేపు ఫోను మాట్లాడాడు. మాట్లాడాడు అనడం కంటే విన్నాడు అనడం సరి. తిరిగి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. మిగిలిన పిల్లలనూ దామోదర్ రావునూ వరసగా నిలబెట్టి శిక్ష చదివాడు.

"ఈ కళాశాల పథకమునకు తీరని అప్రతిష్ఠ తెచ్చినందున, లింబాద్రి డిప్లొమా రద్దుచేయడమైనది. ఈ కళాశాలను పథకము నుండి బహిష్కరించడమైనది. ఇక్కడి విద్యార్థులు శిక్షగా, వెనుకబడిన పాత పద్ధతిలో తరగతులకు హాజరై, పుస్తకములు చదివి, పరీక్షలు వ్రాయవలెను. అందరికీ హాల్‌టికెట్లు ఇవ్వబడును. తప్పించుకొనుటకు వీలులేదు."

ఎక్కడ నవ్వు వస్తుందోనని పిల్లలు నేల చూపులు చూస్తున్నారు. దామోదర్ రావు దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకున్నాడు. గంగామణికి మాత్రం సంతోషం ఆగలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పరాంకుశం మనసు కరిగింది. ఎంతైనా మనిషి.

"ఏడవకమ్మా. నేను మరీ కఠినంగా మాట్లాడానేమో. నీలో ఇంత పశ్చాత్తాపం ఉంటుందనుకోలేదు. ఊరుకో. పైవారితో మాట్లాడి ఈ శిక్ష తప్పిస్తాను. మళ్లీ ఫాలోవర్లను పెంచుకునే అవకాశం ఇప్పిస్తాను."

గంగామణికి ఏడుపు టక్కున ఆగింది. మనుషులతో నాలుగు మాటలు మాట్లాడలేని పిల్ల ఆ పూట ఎట్లా మాట్లాడిందో దామోదర్ రావుకు ఇప్పటికీ వింతే.

"వద్దు సార్! మీ కాళ్లు మొక్కుత, వద్దు! తప్పు చేసినం. శిక్ష పడాలె. ఇప్పుడు మమ్ముల ఇడిసిపెడితె రేపటి పిల్లలకు భయం ఉంటదా సార్? మేం క్లాసులల్ల కూసుంటం. పుస్తకాలు సదువుతం. ఎంత కష్టమైనా సదువుతం!"

"మేం గూడ సార్!" అన్నాడు వెనక బెంచీవాడు. "మాకు దయ సూపెట్టద్దు సార్!"

"ప్రాక్టికల్స్ గూడ వెట్టుండ్రి సార్!" అంది ఇంకొక పిల్ల. "గవి లేకుంటె శిక్ష అనిపియ్యది!"

పరాంకుశం కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంతటి నైతిక బలం చూడలేదన్నాడు. సరే అని ప్రాక్టికల్స్ కూడా వేసి, సంతకం పెట్టి, బరువైన గుండెతో కారెక్కాడు.

ఆ సంగతి పక్క జిల్లాలకు పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కమ్మరగుట్టలో పాఠాలు చెబుతున్నారట, పరీక్షలు కూడా పెడుతున్నారట అని పిల్లలు చెప్పుకున్నారు. అదృష్టవంతులన్నారు. మిగతా కాలేజీల ప్రిన్సిపాళ్లు లింబాద్రి ఇల్లు వెతుక్కుంటూ రాసాగారు. కూర్చునే మందికి ఎప్పుడూ ఉండే గిరాకీయే. ఇప్పుడు లేచిపోయే మందికి గిరాకీ వచ్చింది. ఉపన్యాసం సగంలో ఉండగా లేవాలి, కెమెరా ఉన్నప్పుడే లేవాలి, ఒక్కసారే లేవాలి. అంత పద్ధతిగా లేవగలిగేది లింబాద్రి మందే.

పరీక్ష రోజు గంగామణి తొందరగా వచ్చి, కిటికీ పక్కన తన నంబరు ఉన్న చోట కూర్చుంది. ప్రశ్నపత్రం ఇంకా ఇవ్వలేదు. కిటికీలోంచి చూస్తే కాలేజీ గేటు కనిపిస్తోంది. గేటు పక్కన ఎండలో తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. ట్రాక్టరు లేదు, ఫ్లెక్సీ లేదు. చేతిలో ఒక సద్దిగిన్నె మాత్రం ఉంది.

ఆయన ఫోను మోగింది. లింబాద్రి ఎక్కడ మాట్లాడినా మీటింగులోలాగే గట్టిగా మాట్లాడతాడు. ప్రతి మాటా హాలులోకి వినపడింది.

"ఆ, నమస్తె ప్రిన్సిపాల్ సారూ... ఇయాల్నా? ఇయాల నడవది సారూ... లేదు లేదు, వేరే పార్టీకి ఒప్పుకోలే... అరె, ఎంత బతిమిలాడినా గంతే. ఇయాల మా కోడలి పరీక్ష."

అవతలివాడు ఇంకా ఏదో అన్నట్టుంది.

"మందిని తోలుకొచ్చుడు కాదు సారూ" అన్నాడు లింబాద్రి, గిన్నె ఎండ తగలకుండా తుండు కప్పుతూ. "ఇయాల నేనే మందిని."

గంట కొట్టారు. గంగామణి ప్రశ్నపత్రం అందుకుంది.